మన దినుసుల పుట్టిళ్ళు

మా గురువుగారి ఇంటి వెనుక వసారాలో ద్రవ్యాల గది ఒకటి ఉండేది. గోడ పొడవునా చెక్క అరలు, అరలలో జాడీలు, జాడీల మూతులకు వాసెన గుడ్డలు. తెల్లవారుజామున స్నాన సంధ్యలు ముగించుకొని మేము వరుసగా కూర్చుంటే, ఆయన ఏదో ఒక జాడీలో చెయ్యి పెట్టి చిటికెడు దినుసు తీసి మా అరచేతిలో వేసేవారు. "ఇదేమిటి?" అనేది మొదటి ప్రశ్న. దాని రసమేమి, గుణమేమి, వీర్యమేమి, విపాకమేమి అనేది రెండవ ప్రశ్న. అవన్నీ శ్లోకాలలో ఉన్నవే గనుక తడబడకుండా అప్పజెప్పేవాళ్ళం. మూడవ ప్రశ్న దగ్గరే మా నోళ్ళు మూతపడేవి.

"దీని ఊరేదిరా?"

"పచారీ కొట్టండీ" అని ఒకనాడు నేను జవాబు చెప్పాను. తోటి విద్యార్థులు నవ్వారు. ఆయన నవ్వలేదు. "పుట్టిల్లు ఏదో విచారించకుండా కోడల్ని ఇంటికి తెచ్చుకుంటామా? రోగి కడుపులోకి పంపే వస్తువు విషయంలో ఆపాటి విచారణ అక్కరలేదా?" అన్నారు. ఆ మాటలోని బరువు ఆనాడు నాకు తెలియలేదు. తరువాత తెలిసిన విధం మిక్కిలి చేదుగా ఉన్నది. దానిని ఈ వ్యాసంలోనే తగిన చోట చెబుతాను.

ఈ రోజులలో మన మధ్యతరగతి కుటుంబాలవారు కూడా పిల్లల ఉద్యోగాల పుణ్యమా అని దేశదేశాలు తిరిగి వస్తున్నారు. అందరూ చూచే మేడలు, జలపాతాలు చూచి వస్తారు. సంతోషమే. కాని మన పోపుల పెట్టెలోను, పూజ గదిలోను, మందుల అరలోను నిత్యం ఉండే వస్తువులకు కూడా ఊళ్ళు ఉన్నాయి. ఆ ఊళ్ళకు వెళ్ళేవారు బహు తక్కువ. అటువంటి ఐదు చోట్లను ఇక్కడ పరిచయం చేస్తున్నాను. వీటిలో రెండింటికి ప్రస్తుతం మనకు దారి మూసుకొని ఉన్నది. రెండింటికి ఓపిక ఉన్నవారు వెళ్ళిరావచ్చును. ఐదవది మన తెలుగునాటనే కలదు. నేను కళ్ళారా చూచినది ఆ ఐదవదానిని మాత్రమే. తక్కినవి గ్రంథాల ద్వారా, పటాల ద్వారా తెలుసుకొన్నవి.

ఖేవ్రా: సైంధవ లవణం

సైంధవం అనగా సింధు దేశంలో పుట్టినది అని అర్థం. పేరులోనే ఊరును దాచుకొన్న ద్రవ్యమిది. లవణాలన్నింటిలో సైంధవమే శ్రేష్ఠమని చరక సంహిత చెప్పినది. హింగ్వాష్టక చూర్ణంలో, లవణభాస్కర చూర్ణంలో చేరేది ఇదే.

నేడు పాకిస్తాన్‌లో భాగమైన పంజాబులో, జీలం జిల్లాలో, ఉప్పు కొండలని పేరు పొందిన పర్వతశ్రేణి ఉన్నది. దాని పాదం వద్ద ఉన్నది ఖేవ్రా గని. 50 కోట్ల సంవత్సరాలకు పూర్వం అక్కడ ఎండిపోయిన సముద్రం తాలూకు ఉప్పే ఈ కొండల కడుపులో పొరలుపొరలుగా నిలిచి ఉన్నది. అలెగ్జాండరు సేనలోని గుర్రాలు అక్కడి రాళ్ళను ఆబగా నాకుతుండగా ఉప్పు సంగతి బయటపడినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, 1872లో వార్త్ అనే ఇంజనీరు నేలమట్టంలో పెద్ద సొరంగం తొలిపించిన తరువాత తవ్వకం ఒక క్రమంలోకి వచ్చినది. ఉప్పును సగం తవ్వి, సగాన్ని స్తంభాలుగా వదిలివేస్తారు. ఆ స్తంభాలే కొండను మోస్తాయి.

చూడవచ్చినవారిని చిన్న రైలులో లోపలికి తీసుకొనిపోతారు. లోపల ఉప్పు ఇటుకలతో కట్టిన చిన్న మసీదు కలదు. ఇటుకల వెనుక దీపం వెలిగిస్తే గోడలు గులాబీ, ఎరుపు, తెలుపు రంగులలో మెరుస్తాయి. ఆ రంగు భేదం ఉప్పులో కలిసిన ఇనుము మొదలైన ఖనిజాల వలన వచ్చినది. బయట ఎంత ఎండ కాచినా లోపల ఎప్పుడూ ఒకే చల్లదనం ఉంటుంది. సమీపంలోనే, పక్క జిల్లాలో, కటాస్‌రాజ్ అనే ప్రాచీన శివక్షేత్రం ఉన్నది. సతీదేవి వియోగంలో శివుడు కార్చిన కన్నీరే అక్కడి కొలను అయినదని ఐతిహ్యం.

2025 వసంతంలో రెండు దేశాల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. ఆ సంవత్సరం మే 2వ తేదీన భారత ప్రభుత్వం పాకిస్తాన్ నుండి సమస్త దిగుమతులనూ నిషేధించినది. కనుక ఇప్పుడు దుకాణంలో సైంధవం కొనేటప్పుడు "ఇది ఏ ఊరిది?" అని అడగడం వైద్యునికే కాదు, గృహస్థునికి కూడా అవసరమైనది. రంగు గులాబీగా ఉన్నంత మాత్రాన అది సైంధవం కానక్కరలేదు. మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ ప్రాంతంలో రాతి ఉప్పు గనులు ఉన్నాయి.

గమనించవలసినది: సైంధవమైనా ఉప్పు ఉప్పే. రక్తపు పోటు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు "ఇది ఆయుర్వేద ఉప్పు కదా" అని చేయి జారవిడువరాదు. మరియొకటి, సైంధవంలో అయొడిన్ తగినంత ఉండదు. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో అయొడిన్ కలిపిన ఉప్పును పూర్తిగా మానివేసి దీనినే వాడుట మంచిది కాదు.

సొకోత్రా: ముసాంబరం

అరేబియా సముద్రంలో, ఆఫ్రికా ఖండపు తూర్పు కొనకు సుమారు 240 కిలోమీటర్ల దూరంలో, యెమెన్ దేశానికి చెందిన ద్వీపమిది. ఇక్కడ 825 జాతుల మొక్కలు ఉండగా, వాటిలో వందకు 37 వంతులు ప్రపంచంలో మరెక్కడా సహజంగా మొలవవు. అందుకే 2008లో యునెస్కో ఈ ద్వీపసముదాయాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. తిరగేసిన గొడుగువలె కనిపించే ఒక విచిత్ర వృక్షం ఇక్కడి కొండలపై పెరుగుతుంది. దాని మానుకు గాటు పెడితే నెత్తురు వంటి ఎర్రని జిగురు కారుతుంది. అది ఎండిన తరువాత యునానీ వైద్యుల దుకాణాలకు చేరుతుంది. వారు దానిని దమ్ముల్ అఖ్‌వైన్ అంటారు. ఇద్దరు అన్నదమ్ముల నెత్తురు అని ఆ మాటకు అర్థం.

మనకు సంబంధించినది మాత్రం ముసాంబరం. దెబ్బ తగిలి వాచినచోట నూరి, వెచ్చజేసి పట్టు వేసే ఆ నల్లని చేదు గడ్డ మన పెద్దల ఇళ్ళలో తప్పక ఉండేది. అది కలబంద జాతి మొక్కల ఆకు నుండి కారే పసుపుపచ్చని చేదు రసాన్ని ఎండబెట్టినది. సొకోత్రా కలబంద రసానికి రెండువేల సంవత్సరాలుగా పేరున్నది. ఆ ద్వీపవాసులు నేలలో చిన్న గుంట తీసి, అందులో మేక తోలు పరిచి, కోసిన ఆకులను దాని చుట్టూ పేర్చేవారు. రసం తనంతట తానే బొట్టుబొట్టుగా తోలులోకి దిగేది.

ఈ ద్వీపానికీ మన దేశానికీ ఉన్న సంబంధం రాతిమీద వ్రాసి ఉన్నది. హోక్ అనే పెద్ద గుహలో, వెలుతురు చొరని లోపలి భాగంలో, ప్రాచీన నావికులు తమ పేర్లు వ్రాసుకొన్నారు. సుమారు రెండు వందలకు పైబడిన ఆ వ్రాతలలో అధిక భాగం మన బ్రాహ్మీ లిపిలో ఉన్నవే. క్రీస్తు శకపు తొలి శతాబ్దాలలో పడమటి కనుమలకు ఆవలి రేవుల నుండి ఓడ ఎక్కి, ఈ చీకటి గుహలో దివిటీ వెలుగున తన పేరు చెక్కుకొన్న ఆ వర్తకుడు తిరుగు ప్రయాణంలో ఏమి తెచ్చుకొన్నాడో ఊహించుట కష్టం కాదు.

2015 నవంబరులో ఒకే వారం తేడాతో రెండు తుపానులు ఈ ద్వీపాన్ని తాకి ఎన్నో నెత్తుటి వృక్షాలను కూల్చివేశాయి. లేత మొక్కలను మేకలు బ్రతకనీయవు. యెమెన్‌లోని యుద్ధ పరిస్థితుల వలన 2017 నుండి మన ప్రభుత్వం భారతీయులు ఆ దేశానికి వెళ్ళుటపై ఆంక్ష విధించినది. కనుక దీనిని ప్రస్తుతానికి మనోనేత్రంతోనే దర్శించవలెను.

గమనించవలసినది: ముసాంబరం తీవ్రమైన విరేచనకారి. చంటిపిల్లలకు పాలు మాన్పించుటకు తల్లులు చనుమొనలకు దీనిని పూయడం కొన్ని ఇళ్ళలో ఉన్నది. ఆ పని చేయరాదు. పసిబిడ్డ పేగులు దానిని తట్టుకొనలేవు. గర్భిణులు దీనిని లోపలికి పుచ్చుకొనరాదు. పెరటి కలబంద గుజ్జును తినేవారు కూడా, ఆకు కోసిన వెంటనే నిలువుగా నిలబెట్టి పసుపు రసమంతా కారిపోనిచ్చి, గుజ్జును బాగా కడిగి మాత్రమే వాడవలెను. "కలబంద తిన్నాను, కడుపులో మెలిపెట్టినది" అని నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఈ రసాన్ని వదలనివారే.

బందా దీవులు: జాజికాయ, జాపత్రి

ఇండోనేషియా తూర్పు సముద్రంలో, ప్రపంచ పటంలో ఆవగింజలవలె కనిపించే చిన్న దీవుల గుంపు బందా. మధ్యలో గునుంగ్ అపి అనే అగ్నిపర్వతం నిలిచి ఉన్నది. 1988లో అది నిప్పులు క్రక్కినది. పద్దెనిమిదవ శతాబ్దం వరకు లోకంలోని జాజికాయ అంతా ఈ చిన్న దీవులలో పండినదే. మన సుశ్రుతునికి, వాగ్భటునికి చేరిన జాజికాయ ఈ నేలలో పుట్టి, ఎన్ని చేతులు మారి, ఎన్ని ఓడలు ఎక్కి వచ్చినదో!

జాజిపండు చూడడానికి లేత పసుపు రంగులో చిన్న జామపండువలె ఉంటుంది. పండి పగిలినప్పుడు లోపల ఎర్రని వలవంటి పొర కనిపిస్తుంది. అది జాపత్రి. దాని లోపలి పెంకును పగులగొడితే వచ్చేది జాజికాయ. ఒకే పండు నుండి రెండు ద్రవ్యాలు. తల్లిచెట్లను ఎండ నుండి కాపాడుటకు కెనారి అనే పెద్ద వృక్షాలను నాటుతారు. పండ్లను పొడవాటి వెదురుకు కట్టిన బుట్టతో ఒక్కొక్కటిగా కోస్తారు. ఈ పనులన్నీ నేటికీ అక్కడ చూడవచ్చును.

ఇంత సుకుమారమైన వస్తువు కొరకు జరిగిన ఘోరం మాత్రం చెప్పనలవి కానిది. 1621లో డచ్చి కంపెనీ అధికారి కూన్, జాజికాయ వ్యాపారమంతా తన కంపెనీ గుప్పిట ఉండవలెనని సైన్యంతో దిగాడు. సుమారు 15,000 మంది ఉన్న ఆ దీవులలో కొద్ది నెలలకు వేయి మంది కూడా మిగలలేదని చరిత్రకారులు లెక్కగట్టారు. చంపబడినవారు, ఆకలితో చచ్చినవారు, బానిసలుగా తరలింపబడినవారు పోగా, తోటల పనికి పరాయి ద్వీపాల నుండి బానిసలను తెచ్చారు. ఎగుమతి చేసే కాయ మరెక్కడా మొలకెత్తకుండా సున్నంలో ముంచి పంపేవారు.

ఈ దీవులలో రున్ అనేది మరీ చిన్నది, మూడు కిలోమీటర్ల పొడవు మాత్రమే. దానిని తమదనే ఆంగ్లేయులకూ డచ్చివారికీ ఏళ్ళ తరబడి తగాదా నడిచినది. చివరకు 1667లో బ్రెడా సంధిలో రున్ డచ్చివారికి దక్కినది. అమెరికాలో డచ్చివారు పోగొట్టుకొన్న మన్‌హట్టన్ ద్వీపం ఆంగ్లేయుల వద్దనే ఉండిపోయినది. నేటి న్యూయార్క్ నగరపు నడిబొడ్డు అదే. అక్కడ ఉద్యోగం చేసే మన తెలుగు పిల్లలలో ఎందరికి తెలుసు, తాము నడుస్తున్న నేల ఒకప్పుడు జాజికాయకు ఈడుగా తూగినదని?

తరువాత ఫ్రెంచివారు, ఆంగ్లేయులు మొక్కలను తరలించి పరదేశాలలో నాటారు. నేడు మన కేరళలో కూడా జాజి తోటలు ఉన్నాయి. బందా తన ఐశ్వర్యం పోగొట్టుకొని నిశ్శబ్దమైపోయినది. ఆంబోన్ నగరం నుండి ఓడలో వెళ్ళవచ్చును. బందా నెయిరాలో డచ్చివారి బెల్జికా కోట, ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకుడు హట్టా 1936 నుండి 1942 వరకు ప్రవాస శిక్ష అనుభవించిన ఇల్లు చూడదగినవి.

గమనించవలసినది: సానపై నాలుగు చుట్లు అరగదీసిన జాజికాయ గంధం ఔషధం. ఒక కాయంతా మ్రింగితే విషం. నోరు ఎండిపోవుట, గుండె దడ, మతి భ్రమణం కలుగును. నిద్ర పట్టుటకని మోతాదు పెంచుకొంటూ పోవుట, పిల్లలకు ప్రతిరోజూ నాకించుట ప్రమాదకరం. గర్భిణులకు ఔషధ మాత్రలో ఇవ్వకూడదు.

బారూస్: పచ్చ కర్పూరం

సుమత్రా ద్వీపపు పడమటి తీరంలో బారూస్ అనే చిన్న పల్లెపట్టు ఉన్నది. నేడు చేపలు పట్టేవారి ఊరు. అరబ్బులు దీనిని ఫన్సూర్ అన్నారు. ఫన్సూర్ కర్పూరం బంగారంతో సరితూకానికి అమ్ముడుపోవునని వెనిస్ యాత్రికుడు మార్కో పోలో వ్రాశాడు. ఊరి పక్కన లోబు తువా అనే చోట 1088 నాటి తమిళ శాసనం దొరికినది. దక్షిణ భారతదేశపు ప్రసిద్ధ వర్తక శ్రేణి, ఐదువందలవారు అని పేరున్నది, దానిని వేయించినది. అంటే వేయి సంవత్సరాల నాడే మనవారు కర్పూరం ఊరును వెదుక్కుంటూ సముద్రాలు దాటి అక్కడ కాపురం పెట్టారన్నమాట.

ఆ కర్పూర వృక్షం మన సాలవృక్షానికి చుట్టం. అరవై మీటర్ల ఎత్తుకు కూడా ఎదుగుతుంది. దాని మాను లోపలి పగుళ్ళలో కర్పూరం తెల్లని పలుకులుగా గడ్డకడుతుంది. అయితే ప్రతి చెట్టులోను ఉండదు. ఉన్నదీ లేనిదీ చెట్టును నరికి చీల్చితే గాని తెలియదు. మలయా అడవులలో కర్పూరం వెదకబోయేవారు ఆ పేరును పెదవిపై రానీయక, వేరే పరిభాషలో మాట్లాడుకొంటూ, ఆహార నియమాలు పాటించేవారు. పేరు వింటే చెట్టు తన సొమ్మును దాచుకొంటుందని వారి నమ్మకం.

మన నిఘంటువులు కర్పూరాన్ని పక్వం, అపక్వం అని రెండు విధాలుగా చెప్పి, అపక్వమే మేలని నిర్ణయించాయి. నిప్పు సెగ తగలనిది అపక్వం. మనం పచ్చ కర్పూరం అనేది దానినే. ఇక్కడ పచ్చ అంటే రంగు కాదు, పచ్చిది అని. తిరుమల శ్రీవారి నామానికి వాడేది ఈ పేరుగల కర్పూరమే.

పూజలో హారతికి వెలిగించే బిళ్ళ కర్పూరం వేరు. పూర్వం అది చీనా, జపాను, తైవాను దేశాలలో పెరిగే మరొక చెట్టు కలపను బట్టీ పట్టి తీసినది. ఇప్పుడు చాలావరకు సరళవృక్షపు తైలం నుండి కర్మాగారాలలో తయారగుచున్నది. రెండింటికీ పేరు ఒకటే. వాసన కూడా దగ్గరగా ఉంటుంది. ఊరు వేరు, వృక్షం వేరు, గుణం వేరు.

నా చేదు అనుభవం ఇక్కడిదే. వైద్యం మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో ఒక వృద్ధునికి దగ్గుకు చూర్ణం చెప్పి, చీటీలో చివరి దినుసుగా "కర్పూరం, ఆవగింజంత" అని వ్రాసి ఇచ్చాను. "పచ్చ" అన్న రెండక్షరాలు నా కలం నుండి జారిపోయాయి. ఇంటివారు పూజ గది నుండి హారతి బిళ్ళలు తెచ్చి, రోలు దగ్గర పొట్లం విప్పి ఉంచారు. ఆ ఇంటి నాలుగేళ్ళ మనుమడు వాటిని పటికబెల్లం అనుకొని నోట్లో వేసుకొన్నాడు. అరగంటలోపే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రివారి సమయస్ఫూర్తి వలన బిడ్డ దక్కాడు. ఆ ఇంటివారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందువలననే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "దీని ఊరేదిరా?" అన్న ప్రశ్న మాత్రమే చెవిలో వినిపించినది. ఊరు వ్రాసి ఉంటే చీటీ పచారీ కొట్టుకు వెళ్ళేది, పూజ గదికి కాదు.

గమనించవలసినది: హారతి కర్పూరాన్ని పాయసంలో గాని, తీర్థంలో గాని, మందులో గాని కలపరాదు. పిల్లలకు అందని ఎత్తులో, మూత బిగించి ఉంచవలెను. బిడ్డ మ్రింగినట్లు అనుమానం కలిగినా వాంతి చేయించే ప్రయత్నం చేయక, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. రెండేళ్ళ లోపు పిల్లలకు జలుబని ముక్కుకు, ఛాతీకి కర్పూరం రుద్దకూడదు. పచ్చ కర్పూరమైనా నేడు ఆ పేరుతో దొరికేదంతా ఆ చెట్టుదే అని నమ్మే వీలు లేదు. కనుక నమ్మకమైన చోట, తినుటకు తగినదని అడిగి కొనవలెను.

మోటుపల్లి: మన రేవు

మార్కో పోలో ఫన్సూరును గూర్చి వ్రాసిన పుస్తకంలోనే ముత్‌ఫిలి అనే రాజ్యాన్ని గూర్చి, దానిని ఏలిన రాణిని గూర్చి కూడా వ్రాశాడు. ఆ ముత్‌ఫిలి మన మోటుపల్లి. ఆ రాణి మన రుద్రమదేవి. బాపట్ల జిల్లాలో, చినగంజాం మండలంలో, చీరాలకు దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఉన్నది ఆ ఊరు.

అక్కడి వీరభద్రస్వామి ఆలయం వద్ద రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసన స్తంభం కలదు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగుకొనేవారు. తాను అట్లు చేయనని, న్యాయమైన సుంకం మాత్రమే పుచ్చుకొంటానని ఆయన వర్తకులకు అభయమిచ్చాడు. ఆ సుంకాల పట్టికలో చందనం, పన్నీరు, మిరియాలు, పోకచెక్కలతోపాటు కర్పూరం కూడా ఉన్నది.

నేను వెళ్ళినప్పుడు ఆలయం ముందు మేకలు మేస్తున్నవి. సరుగుడు తోపులకు ఆవల సముద్రం. రేవు జాడ ఎక్కడా లేదు. స్తంభంమీది అక్షరాలను వేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డాను. ఏ అడవిలోనో నరికిన చెట్టు కడుపులోని తెల్లని పలుకు ఈ ఇసుకమీదనే దిగి, బండి ఎక్కి, ఏ వైద్యుని జాడీలోకో చేరి ఉంటుంది. ఆ వైద్యుడు దాని ఊరు ఎరిగినవాడై ఉంటాడు, తెచ్చిన నావికుడు ఆయన ఎదుటనే ఉన్నాడు కనుక. ఇప్పుడు సరుకు ప్లాస్టిక్ పొట్లంలో వస్తున్నది. చెప్పేవాడు లేడు కనుక అడిగేవారు ఉండవలెను.

దూరదేశాలకు వెళ్ళలేనివారు ఒక ఆదివారం పిల్లలను తీసుకొని మోటుపల్లి వెళ్ళిరండి. అదీ కుదరనివారు ఈ సాయంత్రం ఇంట్లోని పోపుల పెట్టె తెరిచి, ఒక్కొక్క దినుసును పిల్లల అరచేతిలో పెట్టి అడగండి: దీని ఊరేది?